11 లక్షల అప్పు నుంచి 2 లక్షల నిల్వకు.. సంస్థానం ఖజానాను గట్టెక్కించిన విజయరామ గజపతిరాజు

గజపతినగరం: రాష్ట్ర బడ్జెట్టు శాసనసభ ముందుకు వచ్చిన ప్రతిసారీ అప్పెంత, వడ్డీ ఎంత, ఆపద వస్తే ఆదుకునేందుకు చేతిలో ఉన్న నిల్వ ఎంత అన్న ప్రశ్నలు తలెత్తుతుంటాయి. గజపతినగరం ప్రాంతానికి ఈ ప్రశ్నలు కొత్తవి కావు. చంపావతి నదీ పరివాహకంలోని ఈ తాలూకా విజయనగరం జమీందారీలో భాగంగా ఉన్న రోజుల్లో, 1845 నుంచి 1852 వరకు ఏడేళ్ల పాటు, ఇక్కడి శిస్తు సొమ్ముతో నడిచే ఖజానా ఒక విచిత్రమైన పరీక్షను ఎదుర్కొంది. 11 లక్షల రూపాయల అప్పుతో వారసుని పేరిట మారిన సంస్థానం, ఆ ఏడేళ్ల అనంతరం 2 లక్షల పైచిలుకు నిల్వతో ఆయన చేతికి వచ్చింది.

ఆ వారసుడే మహారాజా విజయరామ గజపతిరాజు. 1794లో పద్మనాభం యుద్ధభూమిలో నేలకొరిగిన విజయరామరాజు వేరు, ఈయన వేరు. ఆయనకు ఈయన మనుమడు. పూసపాటి వంశంలో ఒకే పేరు తరం విడిచి తరం తిరిగి రావడం వల్ల పాఠకులు తికమక పడే అవకాశం ఉన్నందున ముందుగానే ఈ మాట చెప్పవలసి వచ్చింది. తాతగారి శౌర్యం గురించి జిల్లాలో తెలియనివారు లేరు. మనుమడి పొదుపు గురించి చెప్పుకున్నవారు తక్కువ.

యుద్ధానికి దారితీసిన బకాయి

ఈ కథ అర్థం కావాలంటే తాతగారి కాలానికి వెళ్లక తప్పదు. పద్మనాభ యుద్ధాన్ని ఆత్మగౌరవ పోరాటంగా స్మరించుకోవడం సముచితమే. అయితే దాని వెనుక ఒక లెక్కల పుస్తకం కూడా ఉంది. విజయనగరం సంస్థానం ఈస్టిండియా కంపెనీకి ఏటా కట్టవలసిన పేష్కష్ పేరుకుపోయింది. కంపెనీ బకాయిల కోసం ఒత్తిడి తెచ్చి 1793లో సంస్థానాన్ని జప్తు చేసింది. రాజు భరణం తీసుకుని మచిలీపట్నం వెళ్లి నివసించాలని ఉత్తర్వు చేసింది. విజయరామరాజు అందుకు సమ్మతించక తన అనుచరులతో పద్మనాభానికి చేరుకున్నారు. 1794 జులై 10న కల్నల్ ప్రెండర్‌గాస్ట్ నాయకత్వంలోని కంపెనీ సేనతో జరిగిన పోరులో అసువులు బాశారు.

బాలుడైన కుమారుడు నారాయణ గజపతిరాజు కొండ జమీందారుల ఆశ్రయంలోకి వెళ్లవలసి వచ్చింది. తదుపరి కంపెనీతో రాజీ కుదిరి సంస్థానంలో కొంత భాగం ఆయనకు తిరిగి దక్కింది. కొండ జమీందారీలు, హవేలీ భూములు విడిపోయాయి. ఏటా 6 లక్షలు చెల్లించేందుకు అంగీకారం కుదిరింది. 1802లో శాశ్వత శిస్తు నిర్ణయం అమలులోకి వచ్చినప్పుడు 24 పరగణాలు, 1,157 గ్రామాలతో కూడిన జమీందారీకి పేష్కష్‌ను 5 లక్షలుగా ఖరారు చేశారు.

శాశ్వత నిర్ణయం అంటే పంట పండినా ఎండినా మారని నిర్ణయం. గడువు తేదీకి కిస్తీ జమ కావలసిందే. వర్షాలు లేవన్న కారణంతో జమీందారుకు మినహాయింపు లభించేది కాదు. బకాయి పడితే 1802 రెగ్యులేషన్ల ప్రకారం ఆస్తిని జప్తు చేసి వేలం వేసే అధికారం ప్రభుత్వానికి ఉండేది. హవేలీ భూములను మిట్టాలుగా విభజించి వేలంలో అమ్మినప్పుడు, వాటిని కొన్నవారిలో అనేకులు కొద్దికాలానికే కిస్తీ కట్టలేక వాటిని పోగొట్టుకున్నారు.

ఇక్కడే నిల్వ నిధి ప్రాధాన్యం బోధపడుతుంది. రాబడి వానను బట్టి మారుతుంది, చెల్లింపు మారదు. ఈ రెంటి మధ్య తేడాను పూడ్చడానికి రెండే దారులు. మంచి ఏడాది మిగులును చెడ్డ ఏడాదికి దాచిపెట్టుకోవడం ఒకటి, షావుకారు దగ్గర నోటు రాయడం రెండవది. ఉత్తరాంధ్ర జమీందారులలో చాలామంది రెండవ దారినే నడిచారు. అదనంగా కోటలో వేడుకలు, బంధువర్గ పోషణ, దానధర్మాలు, వ్యాజ్యాల ఖర్చులు ఉండనే ఉన్నాయి. అప్పుచేసి పప్పుకూడు తినడం ఒక్క పేదవాడి అలవాటు కాదు.

కాశీలో రాజుగారు, ఇక్కడ లెక్కలు

నారాయణ గజపతిరాజు 1827లో సంస్థాన నిర్వహణను ప్రభుత్వానికి అప్పగించి కాశీకి తరలివెళ్లారు. రుణాలు తీర్చేందుకే ఈ ఏర్పాటు. వసూళ్లు, పేష్కష్ చెల్లింపు, అప్పుల వాయిదాలు ప్రభుత్వాధికారుల చేతిలో ఉండగా, రాజుగారికి భత్యం అందేది. పద్దెనిమిదేళ్లు ఇలాగే గడిచాయి. 1845లో ఆయన కాశీలోనే కన్నుమూశారు. అప్పటికి తేలిన అప్పు 11 లక్షలు.

జమీందారీ ఏటా ప్రభుత్వానికి కట్టే మొత్తానికి రెండు రెట్లకు పైగా ఉన్న అప్పు ఇది. రాబడి వైపు ఎంత క్రమశిక్షణ ఉన్నా, అప్పు చేసే చేతికి హద్దు లేకపోతే ఆ క్రమశిక్షణ నిలవదన్న సంగతి ఈ పద్దెనిమిదేళ్ల అనుభవంలో కనిపిస్తుంది. సంస్థానం లెక్కలు ఒక ఊళ్లో, రాజుగారి ఖర్చులు ఇంకొక ఊళ్లో ఉన్నాయి. నేటి ప్రభుత్వాలు కార్పొరేషన్ల పేరిట తెచ్చి బడ్జెట్టు పుస్తకంలో చూపని అప్పుల గురించి కాగ్ నివేదికలు ఆక్షేపణ తెలిపినప్పుడల్లా ఈ పాత ముచ్చట జ్ఞప్తికి రావడం సహజం.

పంతొమ్మిదేళ్ల వయసులో ఒక నిర్ణయం

విజయరామ గజపతిరాజు 1826లో జన్మించారు. తండ్రి మరణించేనాటికి ఆయన వయసు పంతొమ్మిదేళ్లు. దక్షిణాదిలోని పెద్ద జమీందారీలలో అగ్రశ్రేణికి చెందిన ఒకదానికి వారసుడు. అటువంటి స్థితిలో ఉన్న యువకుడు వెంటనే గద్దెనెక్కి అధికారాన్ని చేతిలోకి తీసుకోవాలని ఆశించడంలో వింత లేదు. ఆయన ఆ పని చేయలేదు. తండ్రి చేసిన ఏర్పాటునే మరో ఏడేళ్ల పాటు కొనసాగనిచ్చారు. ఆ కాలంలో ప్రభుత్వం తరఫున సంస్థాన వ్యవహారాలను క్రోజియర్ అనే అధికారి చూశారు.

తన జీవితంలో ఆయన చేసిన దానాలు, పొందిన బిరుదులు అనేకం ఉన్నా, ఈ ఏడేళ్ల నిరీక్షణే అన్నింటిలోకి విలువైనదని ఈ వ్యాస రచయిత అభిప్రాయం. 1852లో ఆయన క్రోజియర్ నుంచి బాధ్యతలు స్వీకరించేనాటికి అప్పు తీరిపోయి, 2 లక్షలకు పైగా నిల్వ ఖజానాలో ఉంది. లెక్క వేసి చూస్తే 11 లక్షల లోటు నుంచి 2 లక్షల మిగులుకు చేరడమంటే 13 లక్షల మార్పు. ఏడేళ్లకు పంచితే సగటున ఏటా 1 లక్షా 85 వేల పైచిలుకు. అప్పుపై కట్టిన వడ్డీ దీనికి అదనం.

ఇది సాధ్యపడిన తీరులో మాయ ఏమీ లేదు. పేష్కష్ 1802 నాటి 5 లక్షల దగ్గరే స్థిరంగా ఉంది. యాభై ఏళ్లలో బంజరు సాగులోకి రావడం, ధరలు పెరగడం వల్ల సంస్థానం రాబడి పెరిగింది. పెరిగిన రాబడికీ పెరగని పేష్కష్‌కూ మధ్య ఏర్పడిన ఆ అంతరమే మిగులు. తండ్రి కాలంలో అది అప్పుల్లో కరిగింది. కుమారుని తొలి ఏడేళ్లలో ముందు పేష్కష్‌కు, తరువాత రుణాలకు వెళ్లి, మిగిలినది నిల్వలో చేరింది. ఖర్చు చేయగోరే వ్యక్తి చేతిలో తాళంచెవి లేకపోవడమే ఆ నిల్వకు రక్ష.

2 లక్షలు పెద్ద మొత్తమా అని ప్రశ్నించవచ్చు. 5 లక్షల పేష్కష్‌తో పోల్చితే అది దాదాపు ఐదు నెలల చెల్లింపుకు సరిపోయే నిల్వ. ఒక పంట పోతే రెండు మూడు కిస్తీలు షావుకారు గడప తొక్కకుండా కట్టవచ్చు. వరుసగా రెండేళ్లు వానలు ముఖం చాటేస్తే మాత్రం చాలదు.

నిల్వను ఏం చేశారు?

పగ్గాలు చేపట్టిన తరువాత విజయరామ గజపతిరాజు ఆ సొమ్మును కోట గోడల మధ్య బంధించి ఉంచలేదు. 1852 తరువాతి కాలంలో రోడ్లు, వంతెనలు, చెరువులు, ఆసుపత్రులు తదితర ప్రజోపయోగ పనులకు ఆయన వెచ్చించిన మొత్తం సుమారు 10 లక్షలని ఆనాటి గెజిటీర్లు నమోదు చేశాయి. పాతికేళ్లకు సగటు చూస్తే ఏటా 40 వేలు. ఇది అప్పుతో చేసిన దాతృత్వం కాకుండా వార్షిక రాబడిలోంచి తీసిన భాగం కావడం గమనార్హం. వర్షాధార ప్రాంతంలో చెరువు తవ్వించడం కూడా ఒక రకంగా నిల్వ నిధియే. ఖజానాలోని రూపాయి కిస్తీని కాపాడితే, చెరువులోని నీరు కిస్తీ కట్టే పంటను కాపాడుతుంది.

1857లో విజయనగరంలో ఆయన నెలకొల్పిన పాఠశాలే క్రమంగా ఎదిగి మహారాజా కళాశాలగా రూపుదిద్దుకుంది. మద్రాసులో హిందూ బాలికల కోసం ఆయన ఖర్చుతో పాఠశాలలు నడిచాయి. 1860ల నాటికి ఆడపిల్లల చదువుకు ఒక తెలుగు ప్రభువు డబ్బు కేటాయించడం సామాన్యమైన సంగతి కాదు. అలహాబాదులోని మ్యూర్ సెంట్రల్ కళాశాలకు ఇచ్చిన విరాళానికి గుర్తుగా అక్కడి సభామందిరానికి విజయనగరం హాలు అన్న పేరు స్థిరపడింది. లండన్ హైడ్ పార్కులో, మార్బుల్ ఆర్చ్ సమీపాన, బాటసారులు దాహం తీర్చుకునేందుకు ఒక మంచినీటి ఫౌంటెన్ సైతం ఆయన సొమ్ముతో వెలసింది.

1863లో ఆయనను గవర్నర్ జనరల్ శాసన మండలి సభ్యునిగా నియమించారు. 1864లో మహారాజా బిరుదు లభించింది. కె.సి.ఎస్.ఐ. గౌరవమూ దక్కింది. 1877లో వైస్రాయి ప్రతిసందర్శనకు అర్హత గల ప్రభువుల జాబితాలో ఆయన పేరు చేరింది. తాతగారిని జప్తు ఉత్తర్వులతో వెంటాడిన పాలకులు మనుమడికి బిరుదులు ఇచ్చారు. మధ్యలో మారిన వాటిలో బకాయి లేకపోవడం ఒకటి.

లండన్ ఫౌంటెన్ విషయంలో ఒక మాట చెప్పక తప్పదు. చంపావతి ఒడ్డున చోళ్లు, గోగు పండించిన రైతు కట్టిన శిస్తు ఆ ఫౌంటెన్ రాళ్లలో ఉంది. ఆ నీటిని తాగినవారికి గజపతినగరం అన్న పేరు కూడా తెలిసి ఉండదు. దానం గొప్పదే కావచ్చు. కానీ ఎవరి సొమ్ము, ఎవరి కోసం అన్న ప్రశ్న ఖజానాను గురించి మాట్లాడేటప్పుడు పక్కన పెట్టదగినది కాదు.

రైతుకు నిల్వ లేదు

జమీందారుకు ప్రభుత్వం వేసే పేష్కష్ శాశ్వతంగా స్థిరపడింది గాని, రైతుకు జమీందారు వేసే శిస్తుకు అటువంటి భరోసా చాలాకాలం లేదు. ఉత్తరాంధ్ర జమీందారీలలో గ్రామాలను పాటదారులకు ఇజారాకు ఇచ్చే పద్ధతి ఉండేది. ఎక్కువ పాడినవాడు ఆ ఎక్కువను రైతు దగ్గరే రాబట్టుకునేవాడు. అంటే ఖజానా మిగులులో కొంత భాగం బంజరు సాగు ద్వారా వచ్చిందైతే, మరికొంత రైతు ఇంట మిగలవలసిన గింజల నుంచి వచ్చింది. జమీందారీ రైతులకు భూమిపై సాగు హక్కును గుర్తిస్తూ మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం వచ్చింది 1908లో. అప్పటికి ఈ మహారాజు గతించి దాదాపు మూడు దశాబ్దాలు.

1866లో పొరుగున ఉన్న గంజాం, ఒరిస్సాలను ఘోరమైన క్షామం కబళించింది. నేటి శ్రీకాకుళం ప్రాంతంలో చాలా భాగం అప్పట్లో గంజాం జిల్లాలోనిదే. కరవు వస్తే ఆదుకునేందుకు ప్రభుత్వం దగ్గర ప్రత్యేకంగా తీసిపెట్టిన నిధి ఏదీ ఆనాటికి లేదు. 1876–78 నాటి దక్షిణాది మహాక్షామం తరువాతనే భారత ప్రభుత్వం ఏటా కోటిన్నర రూపాయలను కరవు బీమా పేరిట కేటాయించాలని సంకల్పించింది. దాని కోసం కొత్త పన్నులు కూడా వేసింది. కొద్దికాలానికే ఆఫ్ఘన్ యుద్ధం రావడంతో ఆ కేటాయింపు ఆగిపోయి, కరవు పేరున వసూలైన సొమ్ము యుద్ధానికి తోడ్పడిందన్న విమర్శ వెల్లువెత్తింది. నిధికి పేరు పెట్టడం సులభమే. ఆ పేరును బట్టే ఖర్చు చేయించే నిబంధన లేకపోతే గడ్డుకాలంలో మొదట ఖాళీ అయ్యేది ఆ సంచే. 1919 సంస్కరణల అనంతరం మద్రాసు సహా రాష్ట్రాలన్నీ ఏటా నిర్ణీత మొత్తాన్ని కరవు నిధికి విధిగా జమ చేయాలని నియమం పెట్టారు.

నేటి నియమాల్లో నాటి ఛాయలు

జమీందారీ ఖజానాకూ ప్రజాప్రభుత్వ బడ్జెట్టుకూ హస్తిమశకాంతరం ఉంది. రాజు సొమ్ముకు అడిగేవారు లేరు, ప్రభుత్వ సొమ్ముకు శాసనసభ అనుమతి ఉండాలి. అయినా నిల్వను కట్టుదిట్టం చేసే పద్ధతి చూస్తే పోలికలు దొరుకుతాయి. రాజ్యాంగంలోని 267వ అధికరణం ప్రకారం రాష్ట్రాలు ఆగంతుక నిధిని ఏర్పాటు చేసుకుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో దాని మూలధనం 50 కోట్లు. అనుకోని ఖర్చుకు అందులోంచి తీసుకున్నది శాసనసభ ఆమోదం పొంది తిరిగి పూరించవలసి ఉంటుంది. తుపాన్లు, కరవుల కోసం 1990లో మొదలైన విపత్తు సహాయ నిధి నేడు రాష్ట్ర విపత్తు స్పందన నిధిగా కొనసాగుతోంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు ఉత్తరాంధ్రను కుదిపేసినప్పుడు ఈ నిధి అవసరం ఎంతటిదో ఇక్కడివారు కళ్లారా చూశారు.

అప్పులు తీర్చేందుకని ప్రత్యేకించిన రుణ విమోచన నిధి సంగతి మరీ దగ్గరి పోలిక. 1999–2000 ప్రాంతంలో రిజర్వు బ్యాంకు సూచనపై రాష్ట్రాలు దీనిని ప్రారంభించాయి. రాష్ట్రం ఏటా తన అప్పులో కొద్ది శాతాన్ని జమ చేస్తే, రిజర్వు బ్యాంకు ఆ సొమ్మును ప్రభుత్వ సెక్యూరిటీలలో మదుపు చేస్తుంది. మొదటి కొన్నేళ్లు తీయడానికి వీలుండదు, రోజువారీ జీతభత్యాలకు వాడరాదు. తాళంచెవి రాష్ట్ర ఆర్థిక శాఖ సొరుగులో లేకపోవడమే దీని ప్రత్యేకత. 1845లో క్రోజియర్ చేతిలో ఉన్నది అటువంటి తాళంచెవే. తేడా ఒక్కటే. నాడు దానిని పరాయి ప్రభుత్వం పట్టుకుంది, నేడు మన చట్టాలే పట్టుకున్నాయి. ఆ పట్టును సడలించుకునే అధికారం కూడా మన చట్టసభలకే ఉంది.

కుమారుని చేతికి

విజయరామ గజపతిరాజు 1870ల దశాబ్దం చివర పరమపదించారు. కుమారుడు ఆనంద గజపతిరాజు అధికారానికి వచ్చారు. 1850లో జన్మించిన ఆనంద గజపతి సంగీత సాహిత్యాలకు పెన్నిధి. మాక్స్ ముల్లర్ ఋగ్వేద ముద్రణ రెండవ కూర్పుకు ధనసహాయం అందించినది ఆయనే. గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకాన్ని తొలిసారి ప్రదర్శించింది 1892లో, ఆయన పాలనలోనే. తండ్రి రోడ్ల మీద, చెరువుల మీద పెట్టిన సొమ్ము, కుమారుని కాలంలో విద్వాంసుల మీదికి కూడా మళ్లింది. అప్పుల వారసత్వం లేకుండా గద్దెనెక్కగలగడం ఆయనకు తండ్రి వల్ల కలిగిన సౌలభ్యం.

ఆనంద గజపతి 1897 మే 23న మరణించడంతో వారసత్వ వివాదం రాజుకుంది. న్యాయస్థానాల్లో సుదీర్ఘకాలం నడిచిన ఆ వ్యాజ్యంలో రీవా మహారాణి అప్పలకొండమాంబ పక్షాన గురజాడ పనిచేశారు. రెండు వైపులా న్యాయవాదులకు అయిన ఖర్చంతా అంతిమంగా అదే సంస్థానం రాబడి మీద పడే భారం. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ అంతరించింది. గజపతినగరం రైతు శిస్తు అక్కడి నుంచి నేరుగా ప్రభుత్వ ఖజానాకే చేరింది. 1958లో పి.వి.జి. రాజు తన తండ్రి అలక్ నారాయణ గజపతి పేరిట మాన్సాస్ ట్రస్టును స్థాపించి, కోటను, విద్యాసంస్థలను దాని పరిధిలోకి తెచ్చారు. 1857లో మొదలైన పాఠశాలకు వారసురాలైన మహారాజా కళాశాల ఆ ట్రస్టు ఆధ్వర్యంలోకి వచ్చింది. హైడ్ పార్కులోని ఫౌంటెన్‌ను మాత్రం 1964లో తొలగించారు.